హావిసు గంగాళం

మా హాలోవిక్ ఊళ్లో మంచి కల్లు ఎవరింట్లో దొరుకుతుందని అడిగితే పాకే పిల్లలు కూడా హావిసు ఇంటివైపే చెయ్యి చూపించేవాళ్లు. బార్లీ గింజలు నానబెట్టి, మొలకలు రానిచ్చి, ఆరబెట్టి, దంచి, తన రాగి గంగాళంలో కాచి తీసేది ఆ కల్లు. అది ఒకసారి తాగినవాడికి పొరుగూరి కల్లు గొంతు దిగేది కాదు. వాకిట్లో గడ పాతి దాని కొసకు చీపురు కట్టిందంటే కల్లు సిద్ధమైందని గుర్తు. ఆ చీపురు కంటపడితే చాలు, మగవాళ్లు నాగళ్లు చాల్లోనే వదిలేసి వచ్చేసేవాళ్లు. ఎద్దులు పాపం సాయంత్రందాకా అక్కడే నిలబడి ఒకదాని మొహం ఒకటి చూసుకునేవి.

ఆ గంగాళం హావిసు అత్తగారిది. అంతకుముందు ఆ అత్తగారి అత్తగారిది. మొగుడు పోయాక, పొలం కాస్తా దొరగారి చేతికి వెళ్లిపోయాక, ఆవిడకి మిగిలినవి రెండే. ఒకటి ఆ గంగాళం, రెండోది కూతురు ఆమిస్. పన్నెండేళ్ల పిల్ల. తల్లి కల్లు కాస్తుంటే పొయ్యి ఎగదోస్తూ, వచ్చినవాళ్లందరినీ వాళ్ల వెనకాలే అనుకరించి నవ్వించేది.

క్రిస్మస్ వెళ్లిన కొన్నాళ్లకి, బ్రిస్టల్ రేవు నుంచి ఉన్ని బేరగాళ్లతోపాటు మహమ్మారి కూడా దిగింది. గజ్జల్లో బిళ్ల కట్టేది, ఒళ్లు కాలిపోయేది, కొందరికి దగ్గితే నెత్తురు పడేది. పొద్దున బఠానీ గంజి తాగి గిన్నె కడిగిన మనిషిని సాయంత్రానికి గోతిలోకి దించేవాళ్లం. మా ఫాదర్ గారు మొదట్లోనే పోయారు. ఆయన మంచం పక్కన కూర్చోడానికి పొరుగూరి ఫాదర్ గారికి కబురు పెడితే, ఆయన దారిలోనే పోయారు. ఆయన కోసం ఇంకొకాయన్ని పిలుద్దామనుకునేసరికి, పిలవడానికి వెళ్లాల్సినవాడు పోయాడు. దాంతో ఎవరినీ పిలవడం మానేశాం.

ఫాదర్ లేకుండా పోతే పాపాలు ఎవరికి చెప్పుకుని పోవాలి? పాపసంకీర్తనం లేకుండా చచ్చినవాడు తిన్నగా నరకానికే కదా! జనం చావుకంటే దీనికే ఎక్కువ హడలిపోయారు. అప్పుడు బిషప్పుగారి మనిషి ఒకడు గుర్రం మీద వచ్చాడు. ఊళ్లోకి అడుగుపెడితే ఒట్టు. వాగుకి అవతలే ఆగి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఆజ్ఞ కేకేసి చెప్పాడు. ఫాదర్లు దొరకనిచోట, చావుబతుకుల్లో ఉన్నవాళ్లు తమ పాపాలు ఏ మగవాడికైనా చెప్పుకోవచ్చు. మగవాడు దొరక్కపోతే ఆడదైనా ఫర్వాలేదు. విన్నవాళ్లు ఆ గుట్టు తమతోపాటు సమాధిలోకి తీసుకుపోవాలి. ఇంతే. చెప్పేసి గుర్రం తిప్పాడు.

మొదట పిలుపు వచ్చింది పిండిమర ఓడో ఇంటినుంచి. మునసబు హామో వీధిలో మగవాళ్లందరినీ పోగేశాడు. ఒకడికి నడుం పట్టేసింది. ఒకడికి గొర్రెలు గుర్తొచ్చాయి. ఒకడు తనకి చెవుడని చెప్పాడు, అదీ హామో ఇంకా ఏమీ అడగకముందే. సరిగ్గా అప్పుడే హావిసు ముంత పట్టుకుని ఓడో ఇంటివైపు వెళ్తోంది, జ్వరంలో ఉన్నవాడి నోరు తడుపుదామని.

"ఒసే హావిసూ, పాపసంకీర్తనం నువ్వే వినాలి. మగాళ్లెవరూ దొరకలేదు," అన్నాడు హామో, పదిమంది మగాళ్ల మధ్య నిలబడి.

"మీరున్నారు కదండీ మునసబుగారూ?"

"నేను మునసబుని. మునసబు మగాళ్ల లెక్కలోకి రాడు."

"ఇంట్లో పిల్లకి ఒళ్లు కాలిపోతోందండీ. కల్లు ఇచ్చేసి పరిగెత్తాలి."

"అక్కడ మనిషి నరకానికి పోతుంటే నువ్వు పిల్ల అంటావేంటే? వెళ్లకపోతే ఆ పాపం నీ మెడకే చుట్టుకుంటుంది. బిషప్పుగారి ఆజ్ఞ!"

హావిసు ఇంటికి వెళ్లి పిల్లతో చెప్పింది. ఆమిస్ దుప్పట్లోంచి తల బయటపెట్టి, హామోలాగా గడ్డం ముందుకు తోసి, "వెళ్లవే హావిసూ, ఆజ్ఞ!" అంది. తల్లి నవ్వింది. పిల్ల మళ్లీ మామూలు గొంతుతో, "నేను దగ్గుతూ ఉంటాలే అమ్మా. దగ్గు వినబడిందంటే బాగానే ఉన్నానని అనుకో," అంది.

మా ఊరు ఎంతని! ఈ చివర తుమ్మితే ఆ చివర వినబడుతుంది. పైగా ఆ రోజుల్లో ఊరంతా చప్పుడు లేకుండా పడి ఉండేది. హావిసు ఓడో మంచం పక్కన కూర్చుంది. ఓడో చెప్పుకుంటూ పోయాడు. ఆవిడ "ఊఁ" అంటూనే ఉంది గానీ, చెవులు మాత్రం రెండూ ఇంటివైపే. దగ్గు వినబడింది. హమ్మయ్య. ఓడో ఇంకేదో చెప్పాడు. "ఊఁ." మళ్లీ దగ్గు. చివర్లో అతను ఆగి కళ్లల్లోకి చూస్తే, "దేవుడు క్షమిస్తాడులే," అని, రెండు గుక్కలు పట్టించి, ఇంటికి పరుగు తీసింది.

ఆ తర్వాత అందరికీ ఆవిడే. ఓడో తర్వాత గుడి గంట కొట్టే జోర్డాన్, జోర్డాన్ తర్వాత సాక్షాత్తూ మునసబు హామో, హామో తర్వాత అతని పెళ్లాం గన్నోరా, మధ్యలో ఇంకా బోలెడుమంది. అందరిళ్లలోనూ ఆవిడ "ఊఁ" కొట్టింది, అందరిళ్లలోనూ దగ్గు కోసమే విన్నది. ఒకడి పాపం ఒక్క ముక్క కూడా చెవికెక్కలేదు. చాలామంది పోయారు. ఈ నలుగురితో సహా కొందరు లేచి కూర్చున్నారు. ఆవిడ కల్లు వల్లే బతికారని అనేవాళ్లున్నారు, నేను మాత్రం అనను. బార్లీకి అంత శక్తే ఉంటే మా ఊరు సగం ఖాళీ అయ్యేదా?

అలా ఒక మధ్యాహ్నం ఎవరింట్లోనో కూర్చుని ఊఁ కొడుతుండగా దగ్గు ఆగిపోయింది. ఎవరింట్లో అన్నది ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు. ఆమిస్‌ని గుడి వెనకాల మిగతా పిల్లల పక్కనే పెట్టారు. అప్పటికి పిల్ల పోని ఇల్లు ఊళ్లో లేదు, ఎవరిని ఎవరు ఓదార్చుకుంటారు?

వసంతం వచ్చేసరికి మహమ్మారి తనకు తానే వెళ్లిపోయింది, ఊరికి పిచ్చెక్కించి. ఏడాది క్రితం అడుగు నేల కోసం తలలు పగలగొట్టుకున్న ఊళ్లో ఇప్పుడు పొలాలకి మనుషుల్లేరు. గంట కొట్టే జోర్డాన్‌కి పిన్ని ఇల్లు, మేనమామ ఇల్లు, తనెప్పుడూ చూడని ఏ వరసకో అన్నగారి ఇల్లు కలిసొచ్చాయి. ఎందులో పడుకోవాలో తేల్చుకోలేక పాపం గంటకిందే పడుకునేవాడు. ఓడో పిండిమరతోపాటు గోతులు తవ్వే పని కూడా చూసేవాడు. పిండి తీసుకోడానికి వచ్చినవాళ్లు ముందు అతని చేతులకేసి చూసేవాళ్లు.

అన్నిటికంటే ఘోరం మునసబుగారి దొడ్డి. మా దగ్గర రైతు పోతే ఇంట్లో ఉన్నవాటిలో మేలైన పశువు దొరగారిది. పశువు లేకపోతే మేలైన వస్తువు. అవన్నీ చేరేది మునసబుగారి దొడ్లోకే. ఎప్పుడో ఏడాదికొక చావైతే సరే. తండ్రి పోతే ఆవు వచ్చింది, వారంలో కొడుకు పోతే ఎద్దు వచ్చింది, ఆ తర్వాత తమ్ముడు పోతే గొర్రె వచ్చింది. దొడ్డి నిండా ఆవులే, పాలు పిండే దిక్కు లేదు. పొదుగులు బరువెక్కి రాత్రింబవళ్లు ఒకటే అరుపులు. కంచె విరగదొక్కి వీధుల్లో తిరిగేవి. ఒకటి గుళ్లోకి వెళ్లి పీఠం దగ్గర పడుకుంది, దాన్ని లేపే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఎందుకంటే అది దొరగారిది.

ఇక బతికి బట్టకట్టినవాళ్ల బాధ చూడండి. చచ్చిపోతున్నామనుకుని కడుపులో ఉన్నదంతా హావిసు ముందు కక్కేశారు. తీరా చావలేదు! పొద్దున లేస్తే ఆవిడ ఎదురుగా నీళ్ల బిందెతో వస్తోంది. మీరైతే ఏం చేస్తారు?

ఓడో బస్తాడు పిండి మోసుకొచ్చి వాకిట్లో దించాడు.

"ఏంటి ఓడో ఇది?" అంది హావిసు.

"ఉంచు అక్కా. ఆ సంగతి మాత్రం మన మధ్యే ఉండాలి."

"ఏ సంగతి?"

ఓడో ఆవిడ మొహంలోకి చూసి, మెచ్చుకోలుగా తల ఊపాడు. "అబ్బ! ఏ సంగతని ఎంత అమాయకంగా అడిగావు! నీది మామూలు గుండె కాదు."

"నిజంగానే గుర్తులేదురా బాబూ."

"అదే అంటున్నా. అలాగే అంటూ ఉండు." వెళ్తూ వెళ్తూ ఇంకో అరబస్తా పంపిస్తానన్నాడు.

జోర్డాన్ జున్నుముద్ద తెచ్చాడు. హామో కోడిని తెచ్చి, ఎవరూ చూడకుండా కంచెమీంచి లోపలికి విసిరాడు. కోడి అరిచిన అరుపుకి వీధంతా చూసింది. హావిసు ఎంత గుర్తులేదంటే వాళ్లకి అంత గుబులు పుట్టేది. గుర్తులేదంటోందంటే ఎంత గుర్తుంచుకుందో! అసలు వినలేదని చెప్పెయ్యొచ్చు కదా అంటారేమో. చెప్పలేకపోయింది. పోతున్న మనిషి మాట వినకపోవడం ఎంత పాపమో ఆవిడకే తెలియదు, అడుగుదామంటే ఫాదర్ లేడు.

ఒక్క గన్నోరా మాత్రం ఏమీ తేలేదు. పక్కిల్లే అయినా ఈవైపు తొంగి చూసేది కాదు. ఎదురుపడితే చూపు తిప్పుకుని గోడవారగా వెళ్లిపోయేది.

ఈస్టర్‌కి హావిసు గంగాళం తోమింది. కల్లు కాచింది. గడకు చీపురు కట్టింది. ఒక్క పురుగు రాలేదు. వాళ్లకి దాహం లేక కాదు, మహా దాహం! కానీ ఆవిడ ఇంట్లో కూర్చుని, ఆవిడ కళ్లముందు కల్లు తాగడమే! పక్కవాడి ఎదుట ఆవిడ ఒక్క నవ్వు నవ్విందంటే? అందుకని ఎవరికి వాళ్లు ఇంట్లో కాచుకుని, ఆ చెత్త తాగి కడుపు పట్టుకుని తిరిగారు. హావిసు కల్లు పులిసి వెనిగర్ అయిపోయింది. పారబోసి మళ్లీ కాచింది. అదీ పులిసింది. జున్ను తిని, కోళ్లు తిని ఆవిడ ఒళ్లు చేసింది గానీ, మాట్లాడే మనిషి లేక నోరు ఎండిపోయింది. మనిషన్నాక ఒక పలకరింపు ఉండొద్దూ? పొయ్యి ముందు కూర్చుని, పిల్ల ఎగదోసే కర్ర పట్టుకుని అలా నిప్పులు చూస్తూ ఉండేది.

ఆ తర్వాత ఊరి సభ జరిగింది. గుడి ముందు ఎండ పడేచోట బల్లలు వేశారు. తీర్పు చెప్పడానికి పన్నెండుమంది పెద్దలుండాలని కట్టుబాటు. మిగిలింది అయిదుగురు. ఏం చెయ్యాలో తెలియక, పోయిన ఏడుగురి టోపీలు వాళ్ల ఇళ్లనుంచి తెచ్చి బల్లమీద వరసగా పెట్టారు. దొరగారి దివాను దానికేమీ అనలేదు. పాపం ఆయనా కొత్తే. పాత దివాను పోయాడు, ఆ తర్వాత వచ్చినవాడూ పోయాడు. ఈయన నిన్నమొన్నటిదాకా దొరగారి వేటకుక్కలకి తిండి పెట్టేవాడు. ఆ అలవాటుకొద్దీ ఎవరైనా గట్టిగా మాట్లాడితే "కూర్చో, కూర్చో" అనేవాడు.

హామో లేచాడు. "దివానుగారూ, విన్నవాళ్లు గుట్టుని సమాధిలోకి తీసుకుపోవాలని బిషప్పుగారి ఆజ్ఞ. మా అందరి గుట్టూ పెట్టుకుని ఈ హావిసు చలికాలం నుంచి ఊళ్లో తిరుగుతోంది. ఇంకా సమాధికి వెళ్లలేదు."

"వెళ్లనంటోందా?"

"అడగలేదండి. మొహమాటం."

దివాను గడ్డం గోక్కున్నాడు. "చంపడానికి వీల్లేదయ్యా. అసలే మనుషులు కరువు."

"అయ్యయ్యో, చంపడమెందుకండీ! బంగారంలాంటి మనిషి. పోయినట్టు తీర్పు చెప్పేస్తే చాలు. ఈ ఏడు ఇంతమంది పోయారు, ఒకరు ఎక్కువైతే ఎవరికి తెలుస్తుంది?"

"నేనిక్కడే ఉన్నానండీ," అంది హావిసు వెనకనుంచి.

"నువ్వు మాట్లాడకూడదమ్మా," అన్నాడు దివాను మెత్తగా. "నీ సంగతే తేలుస్తున్నాం. పెద్దలూ, ఒప్పుకోనివాళ్లు తల అడ్డంగా ఊపండి."

అయిదుగురు పెద్దలూ కొయ్యల్లా బిగుసుకుపోయారు. టోపీలు ఎటూ ఊగలేదు. హావిసు ఆ పూటనుంచి పోయినట్టేనని తీర్పయింది. అక్కడితో ఆగినా బాగుండేది. దివానుకి తన ఉద్యోగం గుర్తొచ్చింది.

"పోయిందన్నాక దొరగారి వాటా రావాలి. మేలైన పశువేముంది?"

"పశువుల్లేవండి. కోళ్లున్నాయి, అవి మేమిచ్చినవే," అన్నాడు హామో. ఆ మాట అన్నాక నాలిక కరుచుకున్నాడు.

"అయితే మేలైన వస్తువు."

ఓడో, జోర్డాన్ వెళ్లి గంగాళానికి వాసం దూర్చి భుజాలమీద మోసుకొచ్చారు. ఎండలో అది తళతళ మెరిసింది. తోమితోమి అడుగు పల్చబడిన గంగాళం. దాని చెవికి పిల్ల ఆమిస్ ఎప్పుడో కట్టిన ఎర్ర ఉన్నిదారం ఇంకా ఉంది, వేడిగా ఉన్నప్పుడు తల్లి మరిచిపోయి ఆ చెవి పట్టుకోకుండా గుర్తు కోసం కట్టింది. ఆ దారం చూశాక హావిసుకి ఇక ఒళ్లు తెలియలేదు.

"దింపండ్రా!" అని అరిచింది. ఇద్దరూ దబ్బున దింపేశారు. "నా ఇంట్లోకి వెళ్లి నా గంగాళం ఎత్తుకురావడానికి మీకు చేతులెలా వచ్చాయిరా? ఏం చేశాను మీకు? చస్తున్నామంటే వచ్చి కూర్చున్నాను కదరా!"

"కూర్చో, కూర్చో," అన్నాడు దివాను.

"కూర్చోను! పోయినదాన్నే కదా, ఇక నాకు భయమేంటి? వినండి. మీ గుట్టు నా దగ్గర లేదు. మీరు చెప్పిందేదీ నేను వినలేదు. ఒక్క ముక్క వినలేదు. ఇంట్లో నా పిల్ల దగ్గుతోంది. దగ్గు వినబడితే బతికున్నట్టని చెప్పింది. మీ పక్కన కూర్చుని నేను దాని దగ్గే విన్నాను. మీరు ఏడుస్తుంటే ఊఁ అన్నాను. మీరు ఆగితే క్షమిస్తాడన్నాను. అంతే. ఇప్పుడు చెప్పండి, ఏం తీసుకుపొమ్మంటారు సమాధిలోకి?"

పీకలదాకా ఉన్న భయం పోయింది కదా, ఇక అందరూ ఊపిరి పీల్చుకుని, గంగాళం ఆవిడకిచ్చేసి ఇళ్లకి పోతారని మీరనుకుంటారు. మీరు మా ఊరివాళ్లని ఎరగరు.

"ఏంటీ, వినలేదా?" ఓడో మొహం కందగడ్డలా అయింది. "చెమటలు కక్కుతూ, నాలిక పిడచగట్టుకుపోతుంటే అంతసేపు చెప్పానే! ఊఁ అన్నావుగా?"

"అన్నాను."

"ఊఁ అంటే విన్నట్టు కాదూ? నేను జన్మలో ఒక్క గింజ కూడా దొంగిలించలేదని చెప్పానే, అదీ వినలేదా?"

ఊరంతా గిర్రున అటు తిరిగింది. "దొంగిలించలేదా?" అంది ఒక ముసలమ్మ గుండెమీద చెయ్యేసుకుని. "మరి నా పిండి తక్కువొచ్చేదేం?"

"తక్కువ రాలేదు. నువ్వే అలా అనుకునేదానివి. మరవాడు దొంగ కాకపోతే చేతకానివాడంటారని నోరు మూసుకు ఊరుకున్నాను. ఊరంతటినీ మోసం చేశాను!"

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! మరి ఇన్నేళ్లూ నేను తిట్టిన తిట్లన్నీ వృథాయేనా?" ముసలమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"అతనిదేముందిలే, మరి నాది?" జోర్డాన్ బల్లెక్కేశాడు. "పొద్దు చూడటం నాకు రాదు. ఎప్పుడూ రాదు. నాకు ఆకలేసినప్పుడల్లా మధ్యాహ్నం గంట కొట్టేవాణ్ణి. అది చెప్పుకోడానికి నాకెంత సిగ్గేసిందో తెలుసా? నువ్వు వినకుండా కూర్చున్నావా?"

"అందుకేనట్రా, మాకు ఒక్కోరోజు పొద్దున్నే మధ్యాహ్నమైపోయేది!" అని వెనకనుంచి ఎవరో గావుకేక పెట్టారు.

ఇక హామో ఆగలేకపోయాడు. మునసబు పాపం అందరికంటే చిన్నదని ఎవరైనా అనుకుంటే ఎలా? "పెద్దబాతులు!" అని అరిచాడు. "నాకు పెద్దబాతులంటే చచ్చేంత భయమని చెప్పాను! దొరగారి పెద్దబాతుల్ని నేనే తలుపు తీసి తరిమేసి, నక్క ఎత్తుకుపోయిందని అబద్ధమాడానని చెప్పాను! ఆ నక్కని పట్టుకుని సభ పెట్టి, తీర్పు చెప్పి, ఉరి కూడా తీశాం! పాపం అది ఎలా చూసిందో నావైపు! అదంతా ఏడ్చుకుంటూ చెప్తే వినలేదంటుందేం?"

"దొరగారి పెద్దబాతులా?" అన్నాడు దివాను, మెల్లిగా లేస్తూ.

హామోకి అప్పుడు వెలిగింది, తనెక్కడ నిలబడి ఏం మాట్లాడాడో. ఇటు చూశాడు, అటు చూశాడు. చటుక్కున దివాను కాళ్లమీద పడ్డాడు. "అయ్యా, నన్ను కూడా పోయినట్టు తీర్పు చెప్పేయండి!"

ఆ మాటతో ఊరికి తెలివొచ్చింది. పోయినవాడు దొరగారి పొలంలో వెట్టి చెయ్యక్కర్లేదు కదా! దొరగారి ఎండుగడ్డి మొయ్యక్కర్లేదు, దొరగారి మరలోనే పిండి పట్టించక్కర్లేదు. "మమ్మల్నీ! మమ్మల్నీ!" అని అందరూ ఎగబడ్డారు. ఎప్పుడూ నోరు విప్పని మనిషి కూడా తను కిందటి నెలలోనే పోయానని వాదించాడు.

"అందరూ పోతే దొరగారి పొలం ఎవరు దున్నుతారయ్యా?" దివాను గొంతు కీచుమంది.

"బతికున్నవాళ్లని కూలికి పెట్టుకోండి. ఇప్పుడు కూలి రెట్టింపు," అన్నాడు ఓడో.

"ఎవరా బతికున్నవాళ్లు?"

"మేమే."

దివాను తల పట్టుకున్నాడు. "కూర్చో, కూర్చో," అని గుర్రాన్నే అన్నాడు పాపం, ఎక్కబోతూ. హావిసు కళ్లెం పట్టుకుని, "అయ్యా, నా తీర్పు మార్చి నా గంగాళం నాకు ఇప్పించండి," అంది.

"పన్నెండుమందీ మార్చుకోవాలమ్మా." ఆయన బల్లకేసి చూపించాడు. అయిదుగురు పెద్దలు గబగబా తలలూపారు. ఏడు టోపీలు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. "చూశావా, వాళ్లు ఒప్పుకోవడం లేదు," అని గుర్రాన్ని అదిలించాడు.

గంగాళం మునసబు దొడ్లో ఆవుల మధ్యకి చేరింది. హావిసు ఇంటికొచ్చి, గడకున్న చీపురు విప్పేసి మూలన పడేసింది. చల్లారిన పొయ్యి ముందు కూర్చుంది. పొయ్యిమీద గంగాళం ఉండే చోట గుండ్రంగా మసి మరక ఉంది. వాకిట్లో ఎండ ఇంకా ఉంది. పక్కింటి దొడ్లో ఆవులు అరుస్తూనే ఉన్నాయి.

కాసేపటికి గరగరమని చప్పుడైంది. గన్నోరా గంగాళాన్ని వీధిలో దొర్లించుకుంటూ, వగర్చుకుంటూ వచ్చి గడప దగ్గర ఆపింది. సభలో ఊరంతా పూనకమొచ్చినట్టు అరిచినప్పుడు ఒక్క మాట మాట్లాడనిది ఈవిడే.

"తీసుకో వదినా. దివాను అడిగితే ఆవు తొక్కేసిందంటాను," అంది. పిలవకుండానే లోపలికొచ్చి, కింద కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంది. "నేను చెప్పింది కూడా వినలేదా నువ్వు?"

"లేదు వదినా."

"మేకల గొడవలో ఎదురింటి వాల్టర్ మా ఆయన్ని కొట్టాడు, గుర్తుందా? వాడు పోవాలని మొక్కుకున్నాను. పోయాడు. తర్వాత వాడి పెళ్లాం పోయింది. పిల్లలు పోయారు. చంటిది కూడా. నేను ఒక్కణ్ణే అడిగానే వదినా! అంతమందిని అడగలేదు. అదే చెప్పాను నీకు. నువ్వు క్షమిస్తాడన్నావు. ఆ మాట పట్టుకునే ఇన్నాళ్లూ లేచి తిరుగుతున్నాను." గన్నోరా కొంగు కొస నులిమింది. "నీ మొహం చూస్తే ఆ చంటిదే కనబడుతుంది. అందుకే హామో చెవిలో పోరు పెట్టాను, నిన్ను పోయినట్టు చెప్పించమని. ఈ పని నాదే."

హావిసు గంగాళాన్ని దగ్గరికి లాక్కుంది. గంగాళం చెవికున్న ఎర్రదారం ముడి సరిచేస్తోంది.

గన్నోరా ఆ వేళ్లకేసి చూస్తూ కూర్చుంది. చూసి చూసి, "పిల్ల పోయినప్పుడు నువ్వెవరింట్లో ఉన్నావు?" అని అడిగింది.

హావిసు వేళ్లు ఆగాయి.

"మా ఇంట్లోనా?"

"ఊఁ."

"నేను చెప్తుండగానా?"

"నువ్వు నా చెయ్యి పట్టుకున్నావు. క్షమిస్తాడా, క్షమిస్తాడా అని అడుగుతున్నావు. అప్పటికే దగ్గు వినబడటం లేదు. లేద్దామనుకున్నాను. నువ్వు వదల్లేదు. ఎలా వదిలించుకోను? చస్తున్నావనుకున్నాను కదా. క్షమిస్తాడన్నాను. నువ్వు నిద్రపోయేదాకా కూర్చున్నాను."

గన్నోరా తన కుడిచేతిని ఒళ్లోకి లాక్కుని రెండో చేత్తో కప్పేసుకుంది. ఏడ్చే అర్హత తనకి లేదనుకుందో ఏమో, ఏడవలేదు. తర్వాత ఆవిడ జరిగి దగ్గరగా కూర్చుంది.

"చెప్పు వదినా."

"ఏం చెప్పను?"

"పిల్ల గురించి. నీ దగ్గర అందరూ చెప్పుకున్నారు. నువ్వెవరికి చెప్పుకున్నావు? ఆడదాన్నైనా ఫర్వాలేదు కదా. నేను వింటాను."

హావిసు మొదట తల అడ్డంగా ఊపింది. తర్వాత, ఆ రోజు పొద్దున పిల్ల గంజి అడిగిందని చెప్పింది. ఉప్పు ఎక్కువైందని మొహం చిట్లించిందని చెప్పింది. హామోలాగా గడ్డం ముందుకు పెట్టి ఏమందో చెప్తూ, తనూ గడ్డం ముందుకు పెట్టింది. గన్నోరా నవ్వబోయి, నోరు మూసుకుంది. అక్కణ్ణుంచి హావిసు ఆగలేదు. పుట్టినప్పటి సంగతులూ, పొయ్యి ఎగదోసే కర్ర సంగతీ, ఆ మధ్యాహ్నం ఇంటికి పరిగెత్తుకొచ్చి తలుపు తోసినప్పుడు దుప్పటి ఎలా ఉందో, అన్నీ చెప్పింది. గన్నోరా ఊఁ అనలేదు. ఆవిడ పెదవులకేసి చూస్తూ, వింటూ ఉంది.

పక్కింట్లోంచి హామో కేకలు మొదలయ్యాయి. దొడ్డి కంచె మళ్లీ విరిగిందట, ఆవులన్నీ వీధిలో పడ్డాయట, వాటి వెనకాలే ఎక్కణ్ణుంచో పెద్దబాతు కూడా ఒకటి వచ్చిందట. "గన్నోరా! ఓ గన్నోరా! నన్ను చంపేస్తోందే!" అని అరుపు వీధి చివరిదాకా పోయి మళ్లీ ఇటే వచ్చింది.

గన్నోరా తల తిప్పలేదు.